దుప్పటికి అవతలి కొస

నేను నర్సు పని నేర్చుకున్న మిషను ఆస్పత్రి ఇప్పుడు లేదు. నరసరావుపేటలో రైలు స్టేషను వైపు పోయే దారిలో, పెంకుల కప్పుతో, పొడుగాటి వరండాతో ఉండేది. అవి యుద్ధం రోజులు. కట్టు గుడ్డ దొరక్క, వాడినదాన్నే ఉడకేసి, ఆరేసి, చుట్టలు చుట్టి మళ్ళీ వాడేవాళ్ళం. స్ట్రెచర్ మోసేవాళ్ళలో ఒకడు పటాలంలో చేరిపోయాడు. రెండోవాడు ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. రోగులను ఎత్తడం, దించడం అంతా మా ఆడవాళ్ళ నడుముల మీదే పడింది.

ఆ ఆస్పత్రిని నడిపేది డాక్టరు గారని ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. లోపల ఉన్న మాకు తెలుసు, నడిపేది పెద్ద సిస్టరు గారు. యాభై దాటిన మనిషి. పొట్టి. నవ్వితే మాత్రం వార్డు ఆ చివరిదాకా వినపడేది. ఎడమచేతి చిటికెన వేలు పక్కకు వంకర తిరిగి ఉండేది. అదేమిటని ఎవరైనా అడిగితే "తలుపులో పడింది" అని ఊరుకునేది.

పల్నాటివాళ్ళం కదా, మాకు నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. పొద్దున పొలం గట్టు దగ్గర కర్రలతో బాదుకున్నవాళ్ళు మధ్యాహ్నానికి మా వార్డులో పక్కపక్క మంచాల మీద మూలుగుతుండేవాళ్ళు. మిగిలిన కొట్లాట వాళ్ళ చుట్టాలు వరండాలో పూర్తి చేసేవాళ్ళు. మధ్యలో మేము. ఆ తోపులాటలో ఆయాలకూ, మాకూ దెబ్బలు తగులుతూనే ఉండేవి. వాటిని దెబ్బలని ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు. చెమట పట్టినట్టే, కాళ్ళు లాగినట్టే అదీ పనిలో భాగమే అనుకున్నాం.

పెద్ద సిస్టరు గారికి ఒక పద్ధతి ఉండేది. ఎవడైనా అగ్గిమీద గుగ్గిలంలా వార్డులోకి వస్తే ఎదురు మాట్లాడేది కాదు. చేతికందిన వస్తువు తీసి వాడి చేతుల్లో పెట్టేది. బేసిన్ కావచ్చు, నీళ్ళ చెంబు కావచ్చు, ఒకసారైతే అప్పుడే పుట్టిన పసిగుడ్డు. "ఇది పట్టుకో నాయనా, ఒలకనీయకు" అనేది. రెండు చేతులా నీళ్ళ బేసిన్ పట్టుకున్నవాడు ఎంతసేపని అరుస్తాడు? చూపు నీళ్ళ మీదే పెట్టుకోవాలి. మెల్లగా గొంతు దిగేది. ఆ పసిగుడ్డును పట్టుకున్నవాడైతే కొట్టడానికి వచ్చిన సంగతే మరిచిపోయి, "దీని ముక్కు ఎవరిది?" అని అడిగాడు. ఆ మాటకు ఆమె నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంత ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందా అనుకునేదాన్ని.

ఆమె పక్కన లేనప్పుడు జరిగింది నా కథ.

కోటప్పకొండ తిరునాళ్ళ ముందు రోజులు. మా వార్డులో ఒక ముసలమ్మ ఉండేది, వీపు మీద రాచపుండు. అరచేతంత పుండు. డాక్టరు గారు కోసి చీము తీశారు గానీ జ్వరం వదల్లేదు. నేనే రోజూ ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టేదాన్ని. కడుగుతుంటే ఆమె నన్నూ, నా పుట్టింటివాళ్ళనూ తిట్టేది, కట్టు అయ్యాక పిలిచి బెల్లం ముక్క పెట్టేది. నేను మామ్మా అనేదాన్ని. ఆమె పెద్ద కొడుకు మంచి ఆస్తిపరుడైన రైతు, వాళ్ళ ఊళ్ళో పెద్ద. తిరునాళ్ళకు బండి మీద ఎత్తుగా నిలబెట్టి తీసుకుపోయే వాళ్ళ ఊరి ప్రభ కట్టించేది ఆయనే. ఆ ఏడు ప్రభ సంగతి తమ్ముళ్ళకు వదిలేసి రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వచ్చేవాడు. వచ్చీ రాగానే అడిగేది ఒకటే, "జ్వరం ఎట్టా ఉందమ్మా?" అని.

ఒకరోజు తెల్లవారేసరికి మామ్మకు చెమట్లు పోసి జ్వరం దిగింది. నాకు పట్టరాని సంతోషం. చెమటకు పరుపు తడిసిపోతే చుట్టి ఎండలో వేశాను. మామ్మను ఆయాలు స్ట్రెచర్ మీద కట్టు గదికి తీసుకుపోయారు. అప్పుడు వచ్చాడు కొడుకు. మంచం ఖాళీగా ఉంది. పరుపు లేదు. మా పల్లెల్లో పరుపు చుట్టి బయట వేశారంటే దానికి ఒకటే అర్థం. అది నాకు తట్టలేదు.

"ఏందమ్మా ఇది? ఏమైంది?" అన్నాడు.

రోజూ అడిగే జ్వరం సంగతే అడుగుతున్నాడనుకున్నాను. మొహమంతా నవ్వు చేసుకొని చెప్పాను. "పోయిందండీ. తెల్లారేసరికి పోయింది. ఇంక మీకు దిగుల్లేదు."

చెంప పేలిపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పక్క మంచం కమ్మీ దొరికింది కాబట్టి పడలేదు. చెవిలో జోరీగ దూరినట్టు ఒకటే రొద. ఆ రొదలోనే కట్టు గది నుంచి స్ట్రెచర్ రావడం, దాని మీద నుంచి మామ్మ "ఏందిరా పెద్దోడా, అట్టా నిలబడ్డావు?" అనడం, ఆయన నేల మీద కూలబడిపోవడం చూశాను. విషయం అర్థమయ్యాక వార్డు వార్డంతా నవ్వింది. ఆయాలు నవ్వారు, రోగులు కుట్లు పట్టుకొని నవ్వారు. ఆయన కూడా ఏడుస్తూ నవ్వాడు. నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే. దెబ్బకంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పెద్ద సిస్టరు గారు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, ఒక ఆయా జరిగినదంతా అభినయించి మరీ చెప్పింది. ఆమె మొహంలో నవ్వు రాలేదు. నా చెంప వైపు చూసింది. భుజం పట్టుకొని గుడ్డల గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. కుండలో నీళ్ళతో గుడ్డ తడిపి చెంప మీద పెట్టింది. తన గడియారం తీసి నా చెవి దగ్గర పెట్టి, "టిక్కుటిక్కు వినపడుతుందా?" అని అడిగింది. ముందు వినపడలేదు. కాసేపయ్యాక సన్నగా వినపడింది. అప్పుడు గానీ ఆమె స్టూలు మీద కూర్చోలేదు.

"ఏడుస్తావా, కోప్పడతావా? ఏదైనా చెయ్యి. తలుపు నేను తియ్యను" అంది.

రెండూ చేశాను. ఆ తర్వాత ఆమె తన వంకర వేలు చూపించింది. "ఇది తలుపులో పడలేదే. నీ వయసులో ఉన్నప్పుడు, వేరే ఊళ్ళో, రోగి తమ్ముడొకడు మెలితిప్పాడు. తలుపులో పడిందని చెప్పు, గొడవెందుకు అన్నారు మా పెద్దవాళ్ళు. చెప్పా. అప్పట్నించీ అదే చెబుతున్నా. చలికాలం వస్తే తలుపే నొప్పి పెడతది నాకు." అంటూ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నీ చెంప తలుపుకు తగిలిందని మాత్రం చెప్పనియ్యను."

డాక్టరు గారు మంచి హస్తవాసి ఉన్న సర్జను. కోపం మాత్రం ముక్కు మీదే. ఆపరేషను మధ్యలో కత్తెర నచ్చకపోతే విసిరికొట్టేవారు, అది ఎవరి కాలి మీద పడితే వాళ్ళ ఖర్మ. ఆయన నన్ను పిలిచి, "మాట కాస్త చూసుకొని మాట్లాడాల్సింది. ఆయన పెద్దమనిషి, తల్లి పోయిందనుకున్నాడు. ఇంతటితో వదిలెయ్యి" అన్నారు. నేను తల వంచుకొని సరేనండీ అనబోయాను. వెనక నుంచి పెద్ద సిస్టరు గారి గొంతు వినిపించింది.

"మాట తప్పయితే ఇంకో మాటతో సరిపోతుంది డాక్టరు గారూ. పోయింది అన్నది, జ్వరమని తేలింది, అయిపోయింది. ఆ చెయ్యి సంగతేంటి? అది దేనితో సరిపోతుంది?"

"ఏం చేద్దామంటావు? పోలీసులను పిలవమంటావా?"

"ముందు ఈ పిల్లది తప్పు కాదని మీరనండి. లేదంటే రేపట్నుంచి మీ కత్తెరలు మీరే ఏరుకోండి."

డాక్టరు గారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరికి గోడ వైపు చూస్తూ, "నీ తప్పేం లేదులే" అన్నారు. ఆ తర్వాత ఆయన కత్తెరలు విసరడం మానేశారని చెప్పను. విసిరే ముందు ఆమె ఎక్కడుందో చూసుకునేవారు.

మధ్యాహ్నం ప్రార్థన చేయించే పాస్టరు గారు వచ్చి, క్షమించడం గురించి మొదలుపెట్టబోయారు. ఆమె ఆయన్ని కూడా ఆపింది. "అయ్యగారూ, ఇవ్వాళ ఎవరూ ఈ పిల్లను క్షమించమని అడగొద్దు. చెంప ఇంకా వేడిగా ఉంది." మా ఇళ్ళల్లో పాస్టరు గారికి అలా ఎదురు చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఆయన బైబిలు చంకలో పెట్టుకొని, "నిజమేనమ్మా" అని నా కోసం నీళ్ళు తెప్పించారు.

సాయంత్రం ఆమె ఆ రైతును వరండాలోకి పిలిచింది. నేను కిటికీ ఇవతలే ఉన్నాను. ఆయన ముందే చెప్పుకొచ్చాడు, ఒళ్ళు తెలియలేదని, పిల్లకు చీర పెడతానని.

"చీరలొద్దు. మీ అమ్మను పొద్దునా సాయంత్రం మంచం మీద నుంచి దుప్పటితో ఎత్తి కట్టు కట్టే బల్ల మీదకు మార్చాలి. ఇద్దరు కావాలి. మాకు మనుషుల్లేరు. ఒక కొస ఈ పిల్ల పట్టుకుంటుంది. రెండో కొస మీరు పట్టండి. చెయ్యి చేసుకున్నారుగా, ఇప్పుడు ఆ చేత్తోనే సాయం పట్టండి."

"నేనా? వార్డులోనా?" అన్నాడాయన. ఆ అడగడంలో చాలా ఉంది. ఆ వార్డులో అన్ని పేటలవాళ్ళూ పడుకునేవాళ్ళు. ఆయన పక్కన నిలబడి దుప్పటి పట్టాల్సిన నేను ఏ పేటదాన్నో ఆయనకు తెలుసు.

లోపల నుంచి మామ్మ అంతా వింటోంది. తాను పోయాననుకొని కొడుకు అంత పని చేశాడంటే ఆమెకు లోలోపల కాస్త ముచ్చటగానే ఉంది, అది మొహంలో దాగలేదు. అయినా అరిచింది. "ఒరేయ్, నా పుండు కడిగే పిల్లరా అది. నువ్వు కడిగావా ఒక్కనాడన్నా? పట్టుకోరా."

ఆయన సరేనన్నాడు. పెద్ద సిస్టరు గారు లోపలికొచ్చి నన్ను అడిగింది. "నీకిష్టమైతేనే. లేకపోతే అవతలి కొస నేను పడతా, ఆయన్ని బయటే ఉంచుతా."

"నేనే పడతాను" అన్నాను. ఆ చెయ్యి ఏం చేస్తుందో దగ్గరుండి చూడాలనిపించింది.

మర్నాడు ఆయన వచ్చి మంచం అవతల నిలబడ్డాడు. నా మొహం చూడలేదు. "ఎట్టా పట్టుకోవాలి?" అని పెద్ద సిస్టరు గారిని అడిగాడు.

"నన్నడగొద్దు. ఆ అమ్మాయినడగండి."

ఆయన నా వైపు తిరిగాడు. చెప్పాను. "కొస లోపలికి చుట్టి, రెండు చేతులా పట్టుకోండి. నేను చెప్పినప్పుడు ఎత్తండి." ఆయన పట్టుకున్నాడు. మొదటిసారి తొందరపడి ఎత్తి తల్లి చేత తిట్లు తిన్నాడు. రెండు మూడు రోజులకు నేర్చుకున్నాడు. మా వార్డులో అప్పటి నుంచి "పోయింది" అన్న మాట మానేశాం. జ్వరమైనా, నొప్పైనా, వాపైనా తగ్గిందనే అనాలి. అది పెద్ద సిస్టరు గారి ఆర్డరు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజే చెప్పేది.

ఈ లోపల కబురు మా ఊరు చేరింది. మా పల్లె గురజాల దగ్గర. సంతకు వచ్చిన ఒకాయన ఆస్పత్రిలో విని పోయి, మీ పిల్లను కొట్టారంట అని నాయనకు చెప్పాడు. ఆదివారం బండి కట్టించుకొని వస్తున్నా, పెట్టె సర్దుకో అని నాయన కబురు పెట్టాడు. మా నాయన పాలేరు. నన్ను ఆ చదువుకు పంపడానికే చుట్టాలతో నానా మాటలు పడ్డాడు. ఇంటికి పోయానంటే మళ్ళీ రావడం ఉండదు. మిరపకాయలు కోసుకుంటూ ఎవరో ఒకరిని చేసుకొని ఉండిపోవాలి. అది తక్కువ బతుకని కాదు. పొద్దున్నే వార్డులోకి అడుగుపెడితే "వచ్చిందమ్మా నా పిల్ల" అని ఒక మంచం మీద నుంచి వినపడేది చూశారూ, దానికి అలవాటు పడ్డాను. దాన్ని వదులుకోలేనని అప్పుడే తెలిసింది నాకు.

శనివారం డాక్టరు గారు మళ్ళీ పిలిచారు. ఈసారి మెత్తగానే చెప్పారు. "మీ నాయనతో తలుపు తగిలిందని చెప్పు. ఊళ్ళో అన్నదంతా ఉత్త పుకారని నేనూ చెబుతాను. నువ్వు ఇక్కడ ఉండాలంటే అదే దారి." నిజానికి నాకూ అదే దారిగా కనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, మామ్మను బల్ల మీదకు మార్చే వేళకు నాయన వార్డు గుమ్మంలో కనిపించాడు. భుజాన నా పెట్టె కట్టడానికి తెచ్చిన తాడు. నాకు ఎదురుగా, మంచానికి అవతల, దుప్పటి కొస పట్టుకొని రైతు నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, చెవికి పోగులు. అలాంటి మనుషుల గుమ్మాల ముందు నాయన బతుకంతా నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే నాయన చెయ్యి దానంతట అదే పైకి పోయి, రెండో భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుంది.

"చెంపకేమైందమ్మా?" అన్నాడు నాయన.

తలుపు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్ద సిస్టరు గారు మంచం కాళ్ళ వైపు నిలబడి ఉంది. ఏమీ అనలేదు, సైగ కూడా చెయ్యలేదు. మందు సీసా పట్టుకున్న ఆమె చేతికి ఆ వేలు పక్కకు పొడుచుకొని ఉంది.

"కొట్టారు నాయనా. ఈయన కొట్టాడు" అన్నాను.

రైతు చేతుల్లో దుప్పటి ఉంది, వదలడానికి లేదు. తల ఎత్తి నాయన వైపు చూశాడు.

"అవును పెద్దాయనా. నేనే కొట్టా. పిల్ల తప్పేం లేదు. తప్పు నాది" అన్నాడు.

మా నాయనను అలాంటివాళ్ళు ఎవరూ అంతకుముందు పెద్దాయనా అనలేదు. నాయన ఏమంటాడో, అసలు ఏమైనా అంటాడో లేదో అని నేను చూస్తుండగానే మామ్మ అందుకుంది. "మాటలు తర్వాత చెప్పుకోండి. ముందు నన్ను ఎత్తండి, నడుము పోతంది."

"పోతంది అనొద్దన్నానా మామ్మా?" అంది పెద్ద సిస్టరు గారు.

"ఎత్తండి" అన్నాను నేను. ఇద్దరం ఎత్తాం. "ఇంకొంచెం పైకి. మీ వైపు వంగింది చూడండి. ఆగండి. ఇప్పుడు దించండి, మెల్లగా."

"అట్టాగేనమ్మా" అన్నాడు రైతు. నేను ఆగమంటే ఆగాడు, దించమంటే దించాడు.

మామ్మను సర్ది నేను తలెత్తేసరికి నాయన చంకలో కండువా లేదు. భుజం మీద ఉంది. ఎప్పుడు వేసుకున్నాడో చూడలేదు.

పెద్ద సిస్టరు గారు నాయన దగ్గరకు పోయింది. "నీ పిల్ల, నీ ఇష్టం, అన్నా. తీసుకుపోతానంటే పెట్టె నేనే సర్దుతా. ఇంకెవరూ కొట్టరని నేను మాట ఇయ్యలేను, ఈ పని అట్టాంటిది. కొడితే మాత్రం తలుపు మీదకు నెట్టను. ఆ మాట ఇస్తా."

డాక్టరు గారు తన గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు గానీ, పుకారు అన్న మాట ఆయన నోట రాలేదు. నా గుండె చప్పుడు నాకే వినపడుతోంది. ఆ దెబ్బ తిన్న చెవిలో కూడా.

"ఆమెకు తగ్గిందా?" అని మామ్మ వైపు చూపించి అడిగాడు నాయన.

"తగ్గింది నాయనా. ఇంకా కొన్నాళ్ళు కట్టాలి."

"ఎవరు కడతన్నారు?"

"నేనే."

తల ఊపాడు. వరండాలోకి నడిచాడు. మేం ఉడకేసిన గుడ్డలు వరండా ముందు కంప మీద, గోడ మీద, చోటు చాలక కింద నేల మీద కూడా ఆరేసి ఉన్నాయి. వాటిని చూసి భుజాన ఉన్న తాడు తీశాడు. ఒక కొస వరండా స్తంభానికి కట్టి, రెండో కొస ఎదురుగా ఉన్న వేపచెట్టుకు లాగి కట్టాడు. చేత్తో ఒకసారి నొక్కి, బిగువు చూశాడు.

"మట్టిలో వేస్తారేందమ్మా, పుండ్లకు కట్టేవి" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నేను పోయొస్తా. నువ్వు ఉండు."

ఖాళీ బండి మలుపు తిరిగేదాకా వరండాలో నిలబడ్డాను. పెద్ద సిస్టరు గారు తడిగుడ్డల బేసిన్ తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది.

"ఇది పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి గుడ్డలన్నీ ఆ తాడు మీద ఆరేశాం.